చేతులపై పారే నీరు, చేతుల నుండి పారే నీరు

ఒక పీపా నిండా నీరు, దానిపై తేలియాడే ఒక ప్లాస్టిక్ మగ్గు. మన గ్రామాలలోని అనేక మదరసాలలోనూ, పెళ్ళి పందిళ్ళలోనూ చేతులు కడుగుకునే ఏర్పాటు అంటే ఇంతే. మధ్యాహ్న భోజనానికి ముందు అరవై మంది పిల్లలు ఆ పీపా చుట్టూ మూగుతారు. మొదటి పిల్లవాడు మగ్గును అందుకోవడానికి మణికట్టు వరకు చేయి ముంచుతాడు. రెండవవాడు మగ్గు కోసం వేచి ఉండే ఓపిక లేక రెండు చేతులూ ముంచుతాడు. చివరివాని వంతు వచ్చేసరికి పీపాలోని నీరు పైకి స్వచ్ఛంగానే కనిపిస్తుంది. అయితే వాడు తన చేతులు కడుగుకుంటున్నాడా, లేక తన సహాధ్యాయులందరి చేతుల మురికిని తన చేతులకు పూసుకుంటున్నాడా అన్నది ఆలోచించవలసిన విషయమే.

నిద్ర నుండి మేల్కొన్న మనిషి తన చేతిని కడుగుకోనిదే నీటి పాత్రలో పెట్టరాదని, రాత్రివేళ ఆ చేయి ఎక్కడెక్కడ సంచరించిందో అతనికి తెలియదు గదా అని దైవప్రవక్త (స) బోధించిన విషయం హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉల్లేఖించబడింది. ఈ హదీసును మేము ప్రతి సంవత్సరం తహారత్ పాఠాలలో బోధిస్తాము. పిల్లలు దానిని కంఠస్థం చేసి అప్పగిస్తారు. ఆ తరువాత గంట మోగగానే అదే పీపాలో చేతులు ముంచుతారు. తప్పు పిల్లలది కాదు. చేయి ముంచకుండా నీరు పొందే మార్గం వారికి మనం కల్పించనప్పుడు వారు మాత్రం ఏమి చేయగలరు? ఒక హదీసును చదివించడం వేరు, దానిని ఇటుకతోనూ సిమెంటుతోనూ కట్టి చూపడం వేరు.

అందుకే ఈ నెల చేతులు కడిగే తొట్టి గురించి వ్రాయదలచినాము. అది ఎలా పని చేస్తుంది, దానిని ఎలా కట్టుకోవాలి అన్నవే ఇందులోని విషయాలు. మస్జిదు, మదరసా నిర్మాణ కమిటీలలో ఉన్న పెద్దలు, ఇంటిలో వాష్ బేసిన్ అమర్చుకోదలచిన గృహిణులు దీనిని ఓపికగా చదవాలని కోరుతున్నాము.

తొట్టి చేయవలసిన పనులు రెండే రెండు. మొదటిది, మురికి చేయి శుభ్రమైన నీటి నిల్వను తాకకుండా, ఆ నీరే వచ్చి చేతి మీద పడేలా చూడడం. రెండవది, అలా చేతిని కడిగిన నీరు మళ్ళీ శుభ్రమైన నీటిలో కలవకుండా, మనిషి కాళ్ళ దగ్గర నిలవకుండా, దుర్వాసన వెనక్కి రాకుండా దాని దారిన దానిని పంపివేయడం. కుళాయి, గిన్నె, పైపు, వంపు, వాలు ఇవన్నీ ఈ రెండు పనుల కోసమే పుట్టినవి. మేస్త్రీ చెప్పే ప్రతి మాటనూ ఈ రెండింటితో సరిచూసుకుంటే చాలు, ఏది ఒప్పుకోవాలో ఏది కాదనాలో మనకే తెలుస్తుంది.

నెమలి పోసిన నీరు

ఈ రెండు పనులనూ కలిపి ఒక యంత్రంగా మలచిన వాడు అల్‌జజరీ. నేడు తుర్కియే దేశంలో ఉన్న దియార్‌బకీర్ నగరాన్ని ఆనాడు ఆమిద్ అని పిలిచేవారు. అక్కడి అర్తుఖీ రాజవంశపు కొలువులో ఆయన ఇరవై అయిదేళ్ళకు పైగా పని చేశాడు. తాను నిర్మించిన యంత్రాలన్నింటినీ చిత్రాలతో సహా వివరిస్తూ హిజ్రీ 602లో, అంటే క్రీ.శ. 1206లో ఒక గ్రంథాన్ని పూర్తి చేశాడు. వుజూ చేసేటప్పుడు ఒక సేవకుడో దాసియో పక్కన నిలిచి తన చేతులపై నీరు పోయడం ఆ రాజుకు నచ్చలేదట. దానికి బదులుగా ఏదైనా యంత్రం చేయమని ఆయన కోరాడని అల్‌జజరీయే వ్రాసుకున్నాడు. రాజులలో ఇటువంటి సంకోచం అరుదు. దానిని మేము గౌరవిస్తాము.

ఆ గ్రంథంలోని చేతులు కడిగే యంత్రాలలో ఒకటి నెమలి ఆకారంలో ఉంటుంది. నెమలి శరీరం బోలుగా ఉండి శుభ్రమైన నీటితో నిండి ఉంటుంది. తోక వద్ద ఉన్న బిరడాను లాగితే ముక్కు నుండి నీరు ధారగా కారుతుంది. చేతులు కడిగిన నీరు కింది పళ్ళెంలో పడి, అక్కడి నుండి పీఠంలోని ఖాళీ అరలోకి దిగుతుంది. అసలు తమాషా అక్కడ మొదలవుతుంది. ఆ అరలో నీటిపై తేలే ఒక బెండు ఉంటుంది. మురికి నీటి మట్టం పెరిగే కొద్దీ బెండు పైకి లేస్తుంది, దానికి తగిలించిన మీట కదులుతుంది, ఒక చిన్న తలుపు తెరుచుకొని సేవకుని బొమ్మ సబ్బుతో బయటకు వస్తుంది. మట్టం మరికొంత పెరిగితే రెండవ బెండు లేస్తుంది, రెండవ బొమ్మ తుండుగుడ్డతో వస్తుంది. అంటే చేతిని కడిగి పారిన నీరే తరువాతి పని ఏమిటో నిర్ణయిస్తుంది.

మన ఇంటి మీద ఉన్న ట్యాంకులో నీరు నిండగానే కుళాయిని మూసివేసే బంతి కూడా ఈ జాతిదే. దానిని చూసినప్పుడల్లా మాకు ఆ నెమలి గుర్తుకు వస్తుంది. అయితే ఇక్కడ గమనించవలసినది బొమ్మల వింత కాదు. నెమలి కడుపులోని నీరు, పీఠంలోని నీరు ఒకదానినొకటి ఎన్నడూ చూడవు. వాటి మధ్య మనిషి చేతులు మాత్రమే ఉంటాయి.

రాజభవనాల యంత్రం సామాన్యుల ఇంటికి రాలేదు గాని దాని సూత్రం మన దక్కను ఇళ్ళలో ఉండనే ఉన్నది. దస్తర్‌ఖాన్ పరచే ముందు అతిథుల వద్దకు సిలమ్‌చీ, ఆఫ్తాబా తీసుకువెళ్ళే ఆచారాన్ని మా తరం వారు ఇంకా మరువలేదు. ఆఫ్తాబా అంటే పొడుగాటి కొమ్ము ఉన్న కూజా. సిలమ్‌చీ అంటే వెడల్పాటి అంచు ఉన్న పళ్ళెం. దానిపై చిల్లుల మూత ఒకటి ఉంటుంది. ఇంటిలోని చిన్నవాడు ఒక చేత సిలమ్‌చీ పట్టుకొని, మరొక చేత నీరు పోసేవాడు. కడిగిన నీరు చిల్లుల గుండా కిందికి దిగి కనుమరుగవుతుంది. కాబట్టి తరువాతి అతిథికి ముందరి అతిథి చేతుల మురికి కనిపించదు, తన చేతుల మీదికి చిందదు. ఆ చిల్లుల మూత అలంకారం కోసం పెట్టినదని కొందరు అనుకుంటారు. నేటి వాష్ బేసిన్ అడుగున ఉండే జాలీకి అది పూర్వజురాలు.

మస్జిదులలోని హౌజు విషయం కొంచెం వేరు. హనఫీ ధర్మవేత్తలు పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉన్న నీటి మడుగును పారే నీటితో సమానంగా పరిగణించారు. రంగు, రుచి, వాసన మారనంత వరకు అందులో కొద్దిపాటి అపరిశుభ్రత పడినా నీరు పాడు కాదన్నది వారి నిర్ణయం. పాత మస్జిదుల హౌజులు అంత విశాలంగా ఉండడానికి కారణం ఇదే. హైదరాబాదు మక్కా మస్జిదు ప్రాంగణంలోని హౌజును మన పాఠకులలో అనేకులు చూసే ఉంటారు. అయితే పాత హౌజుల గట్టు మీద కూర్చున్నప్పుడు మన కాళ్ళ వద్ద ఉండే సన్నని కాలువను గమనించండి. దోసిలితో నీరు హౌజు నుండి తీసుకుంటాము, కడిగిన నీరు మాత్రం ఆ కాలువలోకి వదులుతాము. అంత పెద్ద మడుగు ఉన్నప్పటికీ వాడిన నీటికి వేరే దారి చూపించారు మన పెద్దలు. గట్టు మీద నిలిచి నేరుగా హౌజులోనే పుక్కిలించి ఉమ్మే సోదరులు ఈ కాలువను ఒకసారి చూడాలి.

సబ్బు సంగతి

నిర్మాణంలోకి వెళ్ళే ముందు ఒక అపోహను ప్రస్తావించక తప్పదు. రోజుకు అయిదుసార్లు వుజూ చేసేవానికి సబ్బు అవసరం ఏమిటని కొందరు అడుగుతారు. వుజూ ఆరాధనకు సంబంధించిన పరిశుద్ధత. అది నీటితోనే సంపూర్ణమవుతుంది. మలవిసర్జన తరువాత, భోజనానికి ముందు, పసిపిల్లల గుడ్డలు మార్చిన తరువాత చేతి మీద ఉండే జిడ్డు మాత్రం వట్టి నీటికి లొంగదు. దైవప్రవక్త (స) గుస్ల్ సమయంలో మర్మావయవాలను కడుగుకున్న తరువాత తన చేతిని నేలకో గోడకో రుద్ది కడుగుకున్న విషయం హజ్రత్ మైమూనా (రజి) ఉల్లేఖనంలో ఉంది. నాడు మట్టి చేసిన పనిని నేడు సబ్బు ఇంకా బాగా చేస్తుంది.

సబ్బు అణువుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస నీటిని అంటుకుంటుంది, మరొకటి నూనెను అంటుకుంటుంది. చర్మపు జిడ్డులో దాగిన సూక్ష్మక్రిములను జిడ్డుతో సహా పెకలించి నీటికి అప్పగిస్తుంది. కరోనా వంటి కొన్ని వైరసులకు కొవ్వు పొరే కవచం. సబ్బు ఆ కవచాన్నే చీల్చివేస్తుంది. దీనికి కొంత సమయం కావాలి. ఒకటి నుండి ఇరవై వరకు నిదానంగా లెక్కపెట్టేంత సేపు, వ్రేళ్ళ సందులలోనూ గోళ్ళ కిందా రుద్దాలి. వుజూలో ఖిలాల్ చేయడం అలవాటు ఉన్న పిల్లలకు వ్రేళ్ళ సందుల సంగతి ప్రత్యేకంగా నేర్పనవసరం లేదు.

కడగని చేయి ఎంత ప్రమాదమో లోకానికి చాటిన సంఘటన 1847లో వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో జరిగింది. శవపరీక్ష గది నుండి వైద్యులు నేరుగా వచ్చి కాన్పులు చేసేవారు. ఏప్రిల్ నెలలో ఆ విభాగంలో నూటికి 18 మంది బాలింతలు మరణించారు. మే నెల మధ్యలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, ప్రసవ విభాగంలోకి వచ్చే ప్రతివారూ క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుగుకోవాలని ఆజ్ఞాపించాడు. జూన్ నెలలో మరణాలు నూటికి సుమారు రెండుకు పడిపోయాయి. ఏ మందూ మారలేదు, వైద్యులూ మారలేదు.

ఇంటి బేసిన్, దాని కింది వంపు

ఇక నేటి బేసిన్ ఎలా పని చేస్తుందో చూద్దాము. నీరు ట్యాంకు నుండి తన బరువుతోనే దిగుతుంది. ట్యాంకులోని నీటి మట్టం కుళాయికి 10 మీటర్ల ఎత్తున ఉంటే కుళాయి వద్ద ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 1 కిలోగ్రాము ఒత్తిడి ఉంటుంది. ఒక అంతస్తు ఇంటిలో 3 మీటర్ల ఎత్తే ఉంటుంది కాబట్టి ఒత్తిడి 300 గ్రాములకు మించదు. చేతులు కడగడానికి అది ధారాళంగా సరిపోతుంది. అంతకన్నా ఎక్కువైతే నీరు చింది బట్టలు తడుస్తాయి.

కుళాయి మూతి ఎప్పుడూ గిన్నె అంచు కంటే పైనే ఉండాలి. గిన్నెలో మురికి నీరు నిండి, కుళాయి మూతి అందులో మునిగి ఉన్న సమయంలో ట్యాంకు ఖాళీ అయితే, పైపు ఆ మురికి నీటిని వెనక్కి పీల్చుకోగలదు. రబ్బరు గొట్టాన్ని కుళాయికి తగిలించి బకెట్టు అడుగున పడవేసే అలవాటు ఉన్న ఇళ్ళలో ఇది జరుగుతుంది. బేసిన్ పైభాగాన అంచు కింద ఉండే చిన్న రంధ్రం కూడా ఇటువంటి రక్షణే. అడుగున జాలీ మూసుకుపోయినా నీరు అంచు దాటకముందే ఆ రంధ్రం గుండా పోతుంది.

గిన్నె కింద పైపు పాము వలె వంగి ఉంటుంది. ఆ వంపునే ట్రాప్ అంటారు. వంపు అడుగున రెండు అంగుళాల మేర నీరు ఎల్లప్పుడూ నిలిచి ఉండాలి. మురుగు కాలువలోని దుర్వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆ నీరే తలుపుగా పని చేస్తుంది. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు మరుగుదొడ్డి కోసం ఈ వంపు పైపుకు పేటెంటు పొందాడు. రెండు వందల యాభై ఏళ్ళు గడిచినా దీనికి మించిన ఉపాయం రాలేదు. ఇనుప తలుపు తుప్పు పడుతుంది, రబ్బరు తలుపు చినుగుతుంది, నీటి తలుపు మాత్రం మనం చేతులు కడిగిన ప్రతిసారీ కొత్తదవుతుంది.

మన ఇళ్ళలో జరిగే పొరపాటు ఏమిటంటే, ప్లంబరు ఒక మడతల ప్లాస్టిక్ పైపును గిన్నె నుండి నేరుగా నేలలోని రంధ్రంలోకి దింపి వెళ్ళిపోతాడు. అందులో వంపు లేదు కాబట్టి నీటి తలుపు లేదు. ఆ తరువాత గృహిణి అగరుబత్తీలు వెలిగిస్తూ, ఫినాయిల్ పోస్తూ దుర్వాసనతో పోరాడుతూ ఉంటుంది. ఆ పైపునే ఒక చుట్టు వంచి, వంపు జారిపోకుండా గట్టి తాడుతో కట్టివేస్తే చాలు. మంచి బాటిల్ ట్రాప్ కొనగలిగితే మరీ మంచిది. దాని అడుగు మూతను చేతితో తిప్పి తీసి, చిక్కుకున్న అన్నం మెతుకులనూ వెంట్రుకలనూ తొలగించవచ్చు. కింద బకెట్టు పెట్టడం మాత్రం మరువవద్దు.

మదరసాల వారికి ఒక ప్రత్యేక సూచన. షాబాన్‌లో పరీక్షలు ముగిసి షవ్వాల్‌లో మళ్ళీ తలుపులు తెరిచే వరకు సుమారు రెండు నెలలు కుళాయిలు తిప్పేవారు ఉండరు. ఆ కాలంలో వంపులోని నీరు ఆవిరై పోతుంది, నీటి తలుపు తెరుచుకుంటుంది. కొత్త విద్యార్థిని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులకు మొదట స్వాగతం పలికేది ఆ దుర్వాసనే. సెలవులలో కావలివాడు వారానికి ఒకసారి ప్రతి జాలీలోనూ ఒక చెంబెడు నీరు పోస్తే ఈ బాధ ఉండదు.

తొట్టి కట్టడం

అరవై మంది పిల్లలు ఉన్న మదరసాకు పదిమందికి ఒక కుళాయి చొప్పున ఆరు కుళాయిలు కావాలి. విడివిడి బేసిన్లు అమర్చడం కంటే పొడవాటి తొట్టి కట్టడం చవక. పింగాణీ వలె పగలదు కూడా. మా మదరసాలో కట్టించిన తొట్టి కొలతలనే ఇక్కడ ఇస్తున్నాము.

అన్నింటికంటే ముందు ఎత్తు. మేస్త్రీ తొట్టి మొత్తాన్నీ ఒకే ఎత్తున, రెండున్నర అడుగులకు కడతానన్నాడు. అలా అయితేనే చూడడానికి అందంగా ఉంటుందని అతని వాదన. అప్పుడు ఆరేళ్ళ పిల్లవాణ్ణి ఒకణ్ణి పిలిచి గోడ పక్కన నిలబెట్టినాము. రెండున్నర అడుగుల గీత వాని ఛాతీకి తగిలింది. ఆ ఎత్తున వాడు చేతులు పైకి చాపితే కడిగిన నీరు మోచేతుల మీదుగా చంకలలోకి కారుతుంది. కుర్తా తడుస్తుంది. చలికాలంలో తడిసిన కుర్తాతో ఒక పూట కూర్చున్న పిల్లవాడు మరునాడు చేతులు కడగకుండానే భోజనానికి వస్తాడు. ఉస్తాద్ అడిగితే కడిగానంటాడు. అబద్ధమాడే అలవాటు కూడా అక్కడే మొదలవుతుంది. చేతులు ఎప్పుడూ మోచేతుల కంటే కిందికి ఉండేలా తొట్టి అంచు ఉండాలి. చిన్న పిల్లలకు 22 అంగుళాలు, పెద్ద పిల్లలకు 30 అంగుళాలు సరిపోతాయి. కాబట్టి ఆరేసి అడుగుల తొట్టెలు రెండు, పక్కపక్కన, ఒకదానికంటే ఒకటి ఎత్తుగా కట్టించినాము.

అప్పుడు మేస్త్రీ మరొక ఉపాయం చెప్పాడు. "మౌల్వీ గారూ, పై తొట్టి నీళ్ళు కింది తొట్టిలోకి వదిలేద్దామండీ. ఒక పైపు ఖర్చు మిగులుతుంది." వినడానికి బాగానే ఉంది. అయితే పెద్దపిల్లల చేతుల మురికి అంతా చిన్నపిల్లల ముక్కు కిందుగా ప్రవహిస్తుంది. మేము ఒప్పుకోలేదు. రెండు తొట్టెలకూ విడివిడి రంధ్రాలు పెట్టించి, వాటి పైపులను కింద గోడ బయట ఒకే గల్లీ ట్రాప్‌లోకి కలిపించినాము.

తొట్టి లోపలి వెడల్పు 16 అంగుళాలు, లోతు 8 అంగుళాలు ఉండాలి. కుళాయికీ కుళాయికీ మధ్య రెండు అడుగుల దూరం ఉంటే మోచేతులు తగులుకోవు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలపై మూడు అంగుళాల మందాన ఇనుప చువ్వలతో కాంక్రీటు పలక వేసి, దానిపై అంచు గోడలు లేపాలి. కాంక్రీటు బదులు మన ప్రాంతంలో సులభంగా దొరికే కడప బండను కూడా పరచవచ్చు. అయితే బండల అతుకుల వద్ద నీరు కారకుండా శ్రద్ధ తీసుకోవాలి. అడుగు భాగం రంధ్రం వైపునకు ప్రతి నాలుగు అడుగులకు ఒక అంగుళం చొప్పున వాలాలి. అంటే ఆరు అడుగుల తొట్టికి ఒకటిన్నర అంగుళాల వాలు. లోపలి మూలలను గుండ్రంగా మలచమని చెప్పండి. చదరపు మూలలో చేరిన పాచిని ఏ బ్రష్షూ తీయలేదు. పైన తెల్లని నున్నటి టైల్స్ వేయించడం మంచిది. తెలుపు మీద మురికి దాగదు. మురికి కనిపించకూడదని ముదురు రంగు ఎన్నుకునేవారు ఉన్నారు. మురికి కనిపించాలనే మేము తెలుపు ఎన్నుకున్నాము.

కట్టిన తరువాత కనీసం ఏడు రోజులు తడిపి ఉంచాలి. టైల్స్ వేయడానికి ముందు రంధ్రాన్ని మూసి, తొట్టి నిండా నీరు నింపి, నీటి మట్టం వద్ద పెన్సిలుతో గీత గీయండి. ఆవిరయ్యేది పోగా ఒక రాత్రిలో మట్టం స్పష్టంగా పడిపోతే ఎక్కడో పగులు ఉన్నట్లే. ఈ పరీక్ష పూర్తయ్యే వరకు మేస్త్రీకి చివరి కిస్తు ఇవ్వకపోవడం ఉభయులకూ క్షేమం.

నీటి పైపు విషయంలో పొదుపు చేయరాదు. ట్యాంకు నుండి చివరి కుళాయి వరకు ఒక అంగుళం పైపు వేసి, ఒక్కొక్క కుళాయికి మాత్రమే అర అంగుళం చీల్చాలి. మొత్తం అర అంగుళం పైపే వేస్తే ఆరు కుళాయిలూ తిప్పినప్పుడు చివరిదానిలో చుక్కలే రాలుతాయి. కుళాయిలు గోడ నుండి ఆరు అంగుళాలు ముందుకు వచ్చే లాంగ్ బాడీ రకం అయితే పిల్లల వ్రేళ్ళు గోడకు కొట్టుకోవు. మూతి అంచు కంటే అయిదారు అంగుళాలు పైన ఉండాలి. పావు చుట్టుతో మూసుకునే కుళాయిని తడి చేతి వెనుక భాగంతోనైనా తిప్పవచ్చు. మొత్తం వరుసకు ఒక వాల్వు పెట్టించుకుంటే ఒక కుళాయి పాడైనప్పుడు మదరసా మొత్తానికి నీరు ఆపనవసరం ఉండదు.

ధార ఎంత ఉండాలో తెలుసుకోవడానికి లీటరు సీసాను కుళాయి కింద పెట్టి లెక్కించండి. పది క్షణాలలో నిండితే నిమిషానికి ఆరు లీటర్లు. పిల్లవాడు ఇరవై క్షణాల పాటు కుళాయి తిప్పి ఉంచితే రెండు లీటర్లు పోతాయి. తడుపుకొని, మూసి, రుద్దుకొని, మళ్ళీ తిప్పి కడుగుకుంటే ఏడు క్షణాల నీరు, అంటే 700 మిల్లీలీటర్లు సరిపోతాయి. అరవై మంది రోజుకు ఆరుసార్లు కడుగుకుంటే ఒక పద్ధతిలో 720 లీటర్లు, మరొక పద్ధతిలో 252 లీటర్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ముద్ద్ అంటే రెండు అరచేతులు కలిపి పట్టినంత ధాన్యపు కొలత. మా విద్యార్థులతో ఈ లెక్కను నల్లబల్ల మీద చేయించినప్పుడు ఇస్రాఫ్ అన్న పదానికి నిఘంటువు ఇవ్వని అర్థం వారికి దొరికింది.

పారిన నీటికి గమ్యం చూపకపోతే తొట్టి కట్టి కూడా దోమలను పెంచినట్లే. గల్లీ ట్రాప్ తరువాత మూడు అడుగుల చదరంగా, నాలుగు అడుగుల లోతుగా ఇంకుడు గుంత త్రవ్వి ఇటుక ముక్కలు, కంకర నింపాలి. మంచినీటి బావికీ బోరుకూ ఇది 50 అడుగులకు తక్కువ దూరంలో ఉండరాదు. నల్లరేగడి నేలలో నీరు ఇంకదు. అటువంటి చోట అరటి మొక్కల పాదులకు మళ్ళించడం మేలు.

కొన్ని చోట్ల దాతలు తొట్టికంటే దానిపై అమర్చే చలువరాతి పలక మీద ఎక్కువ శ్రద్ధ చూపుతారు. ఆ పలకకు అయ్యే ఖర్చుతో రెండు మంచి కుళాయిలు వస్తాయి. ఈ మాట ఎవరికైనా నొప్పి కలిగిస్తే మన్నించగలరు.

ఇంటిలోని వృద్ధుల గురించి కూడా చెప్పాలి. గోడకు తగిలించిన పింగాణీ బేసిన్‌లోకి కాలు ఎత్తి వుజూ చేసే అలవాటు ప్రమాదకరం. మనిషి బరువుకు బేసిన్ ఊడినా పగిలినా, ఆ ముక్కలు కత్తుల వలె కోస్తాయి. ఒంటి కాలి మీద నిలిచిన వృద్ధుడు తడి నేలపై జారితే తుంటి ఎముక విరుగుతుంది. స్నానాల గదిలో ఒక మూల 16 అంగుళాల ఎత్తున చిన్న అరుగు, దాని ఎదుట రెండు అడుగుల దూరంలో ఒక కుళాయి, కింద అడుగు వెడల్పు కాలువ ఉంటే అమ్మీ, అబ్బా కూర్చొనే వుజూ చేసుకుంటారు. ఎదుట గరుకుగా ఉన్న తాండూరు రాయి పరచాలి.

కుళాయి నీరు లేని ఇంటివారు నిరాశ చెందనవసరం లేదు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో ఎండిన సొరకాయ బుర్రతో మొదలైన ఒక సాధనం ఉంది. నేడు దానిని అయిదు లీటర్ల నూనె డబ్బాతో చేస్తున్నారు. డబ్బాను శుభ్రంగా కడిగి, మూత కంటే కొంత దిగువన, పిడికి ఎదుటి వైపున, కాల్చిన సన్నని మేకుతో ఒక రంధ్రం చేయండి. రెండు పంగల కర్రలను భూమిలో పాతి, వాటిపై అడ్డుగా ఒక కర్ర ఉంచి, డబ్బా పిడి గుండా దానిని దూర్చండి. డబ్బా మెడకు తాడు కట్టి, తాడు రెండవ కొసను కాలితో తొక్కడానికి వీలుగా నేలకు ఏటవాలుగా ఉంచిన కర్రకు కట్టండి. నీరు రంధ్రానికి కొంచెం దిగువ వరకు నింపాలి. కర్రను తొక్కితే డబ్బా ముందుకు వంగుతుంది, సన్నని ధార చేతుల మీద పడుతుంది. కాలు తీస్తే డబ్బా తిరిగి నిలబడుతుంది, ధార ఆగుతుంది. సబ్బుకు చిల్లు చేసి తాడుతో పక్కనే వ్రేలాడదీయవచ్చు. కింద గుప్పెడు కంకర పోస్తే బురద కాదు. చేయి దేనినీ తాకదు. అల్‌జజరీ నెమలికి ఇది పేద చుట్టమని మేము పిల్లలకు చెబుతుంటాము.

మా తొట్టెల వద్ద సబ్బు బిళ్ళలను ఉల్లిపాయల వల సంచి ముక్కలలో వేసి కుళాయికి ఒకటి చొప్పున కట్టినాము. పెట్టెలో నీటిలో నానితే సబ్బు మూడు రోజులలో కరిగిపోతుంది, వలలో ఆరుతూ ఉంటే చాలా రోజులు వస్తుంది. గురువారం అస్ర్ నమాజు తరువాత నలుగురు విద్యార్థులు జాలీలు ఊడదీసి, గల్లీ ట్రాప్ మూత తెరచి, అడుగున చేరిన మట్టినీ మెతుకులనూ తీసి పారవేస్తారు. ఆ నలుగురి పేర్లు భోజనశాల తలుపు మీద సుద్దముక్కతో వ్రాసి ఉంటాయి. వారం వారం పేర్లు మారుతాయి. ఉస్తాదుల పేర్లు కూడా ఆ వరుసలో వస్తాయి.